సర్వర్‌పై మోపిన నింద

కంగ్టి, మనూరు, నాగల్‌గిద్ద మండలముల తండాల నుండి ఒక పూట కూలి వదలుకొని నారాయణఖేడ్ వచ్చిన వృద్ధుడు సేవాకేంద్రమున వేలు ఆనించి నిలిచినపుడు, యంత్రము చలింపకున్నచో, బల్లకు ఆవలి నుండి వినవచ్చు తీర్పు ఒక్కటే: “సర్వర్ డౌన్ ఉన్నది తాతా, రేపు రా.” తెలుగు, కన్నడము, మరాఠీ కలగలిసి వినబడు ఆ సరిహద్దు పట్టణమున ఈ తీర్పుపై అప్పీలు చేసినవారు లేరు. విచారణ లేకయే వెలువడు ఈ తీర్పు పలుమారులు నిర్దోషిని శిక్షించుచున్నదని నా అభిప్రాయము.

ఆధార్ వ్యవస్థయందు నమోదైన పరికరములనే వాడవలెనని 2017లో నియమము వచ్చిన పిమ్మట, వేలిముద్రను గ్రహించి, గూఢలిపిలోనికి మార్చి, వెబ్‌సైట్‌కు అందించు భారము కేంద్రములోని కంప్యూటర్‌లోనే తెర వెనుక నడచు ‘ఆర్‌డీ సర్వీస్’ అను ప్రోగ్రామ్‌పై పడినది. కంప్యూటర్ మీట నొక్కగనే తనంత తాను మేల్కొనవలసిన ఈ సేవకుడు మేల్కొననినాడు ఎక్కడో దూరమునగల సర్వర్ ఎంత ఆరోగ్యముగనున్నను ప్రయోజనము శూన్యము.

విచిత్రమేమనగా, అదే ప్రోగ్రామ్‌ను చేతితో తెరచినచో చక్కగ నడచుట కద్దు. ఆపరేటర్ తెరచినపుడు అది అతని ఖాతాతో, అతని ఫోల్డర్లతో, అతని అనుమతులతో నడచును. సర్వీసుగా లేచినపుడో, వ్యవస్థకు చెందిన వేరొక ఖాతాలో, ఆ సామగ్రి ఏదియు లేక, ఒంటరిగా లేవవలయును. పైగా ముప్పది సెకన్లలో తన ఉనికిని తెలుపనిచో విండోస్ దానిని విఫలమైనదిగా నిర్ణయించి 1053 అను దోషసంఖ్యను వ్రాసికొనును. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారియు మూలుగుచు లేచు పాత కంప్యూటర్‌కు ఆ గడువు చాలకపోవుటలో వింత లేదు. మదర్‌బోర్డుపైని చిన్న బ్యాటరీ నీరసించి తేదీ వెనుకకు పోయినను పని చెడును, ఏలయన తప్పుడు గడియారముగల యంత్రమును సురక్షిత సంధానములు విశ్వసింపవు. ఇక 2007 నాటి విండోస్ విస్టా మొదలుకొని సర్వీసులను వాడుకరి తెర నుండి వేరుచేసిరి. భద్రతకు అది మేలే, కాని తెర వెనుకనున్న ప్రోగ్రామ్ ఏదేని ప్రశ్న అడిగి జవాబుకై వేచియున్నను ఆ ప్రశ్న ఎవరి కంటను పడదు.

సర్వీసు లేవని వైఫల్యములు విండోస్‌లోని ‘ఈవెంట్ వ్యూయర్’ అను దోషపట్టికలో తేదీ, వేళలతో సహా నమోదగుచునే యుండును. అది చూడక, సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మరల వేయుట మన మెకానిక్కుల ఆచారము. గడియారము తప్పినదైనచో ఆ ఆచారము ఎన్ని మార్లు జరిపినను ఫలము సున్న. ఆపరేటర్‌ను నేను తప్పు పట్టను: లావాదేవీకింతయని కమిషన్‌పై బ్రతుకువాడు, వరుస పెరుగుచుండగా, ఆంగ్లమున వ్రాసిన దోషపట్టికను చదువుచు కూర్చుండునా?

తప్పు కారణమును దాచిన తయారీదారులది. పరికరము తగుల్కొనలేదా, ఇచ్చటి సర్వీసు లేవలేదా, దూరపు సర్వర్ పలుకలేదా, ఈ మూడింటిలో ఏది జరిగినదో బల్లమీది తెరపైననే తెలుగున చెప్పుట అసాధ్యమైన విద్య కాదు. ఇట్టి పరికరములను పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఎస్‌టీక్యూసీ కేంద్ర ప్రభుత్వపు సంస్థయే కనుక, స్థానిక భాషలో స్పష్టమైన దోషసూచనను ఆ ధ్రువపత్రమునకు ఒక షరతుగా చేర్చవచ్చును. జిల్లా యంత్రాంగము అంతవరకు ఆగక, ఆ మూడు ప్రశ్నలను ఒక కాగితముపై అచ్చొత్తించి ప్రతి కేంద్రపు గోడకును అంటింపవచ్చును.