బెంగుళూరు జీతము, హోసూరు జమాఖర్చు

వేసవి సెలవులు ముగియగానే ప్రతియేటను మా తరగతులలో కొన్ని చోటులు ఖాళీ యగుచున్నవి. "వీడి నాన్నకు బెంగుళూరులో పని దొరకినదండీ, జీతము హెచ్చు" అని తల్లి వచ్చి టి.సి. తీసికొని పోవును. హోసూరునకు బెంగుళూరు నలుబది కిలోమీటర్లే గదా! అయినను నడుమ రాష్ట్రపు హద్దు కలదు. జీతము పెరిగినంతనే చేత మిగులునని మేము నమ్మజాలము.

ఆ నగరమున అద్దె యింటికి అయిదారు నెలల అద్దె ముందుగా నీయవలెను. పది నెలలది అడుగు యజమానులును కలరు. నెలకు పదునైదు వేలకు ఇల్లు కుదిరినను, ఆరు నెలలకు 90,000 రూపాయలు. అది అప్పు తెచ్చిన సొమ్మైనచో వడ్డీయు నెలసరి ఖర్చే. ఖాళీ చేయునపుడు రంగుల నిమిత్తము ఒక నెల అద్దె పట్టుకొనుటయు అచ్చటి వాడుక. 2024 వేసవిలో బోర్లు ఎండిపోగా, 6,000 లీటర్ల నీళ్ల ట్యాంకరునకు అయిదు కిలోమీటర్లలోపు 600 రూపాయలని అధికారులే ధర కట్టవలసివచ్చెను. (మేమును తిరుపతిలో శిక్షణ ముగించుకొని ఇచ్చటికి వచ్చిన తొలి నెలలో జీతమునే చూచుకొని, తక్కినవి మరచినవారమే.)

ఎవ్వరును లెక్క వ్రాయని పద్దు వేరొకటి కలదు. ఆరు మొదలు పండ్రెండవ తరగతి వరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలలో చదివి, నీట్ పరీక్షలో అర్హులైనవారికి వైద్యవిద్యలో నూటికి 7.5 చోటులు 2020 నాటి చట్టముచే లభించినవి. 2021లో ఇంజనీరింగు మొదలగువానికిని అది విస్తరించినది. అట్లు చదివిన ఆడపిల్లలకు కళాశాలలో నెలకు 1,000 రూపాయల సాయము 2022లో మొదలైనది. మాది ప్రభుత్వ పాఠశాల. ఎనిమిదవ తరగతిలో టి.సి. తీసికొన్న బిడ్డకు ఈ వరుస తెగిపోవును.

కన్నడ లిపి మన లిపికి దగ్గరి చుట్టమే. దానికి భయపడ నక్కరలేదు. ఇల్లు దొరకిన వీధికి చేరువలో తెలుగు బడి దొరకునన్న భరోసా లేకపోవుటయే చిక్కు.

పిల్లల చదువు ముగియువరకు తండ్రి యొక్కడే పోయి వచ్చుట మేలని మా అభిప్రాయము. నిత్యము ఆ రద్దీలో ప్రయాణము సుఖము కాదని యెరుగుదుము. అయినను ఈ జూనులో టి.సి.కై వచ్చువారు ఖర్చుల కాగితమొకటి వ్రాసి తెచ్చినచో, మేమును ప్రక్కన కూర్చుండి కూడి చూచెదము.