మూడో వంతు ఇంటికి పూర్తి ఓనరా?

సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తోలే రైతుల్లో చాలామందికి ఆ కుర్రాడు తెలుసు. మన సంఘం సభ్యుడిగా ఉండి చనిపోయిన రైతు కొడుకే. ట్రాలీ ఆటో నడుపుతాడు, తొమ్మిదేళ్లుగా కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. మొన్న చిన్న ఫ్లాటు కోసం ఒక బ్యాంకుకు పోతే, వడ్డీ రాయితీ రాదు పొమ్మన్నారు. కారణం? ఊళ్లో తండ్రి కట్టిన రెండు గదుల స్లాబు ఇల్లు ఇప్పుడు ముగ్గురన్నదమ్ముల పేర్ల మీద ఉంది. పెద్దన్న కుటుంబం అందులోనే కాపురముంటోంది. పండక్కి పోతే ఈయన పడుకునేది అరుగు మీద!

పట్టణ ఆవాస్ యోజన రెండో విడత 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు అయితే మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ. అన్నీ కలిపి 1.80 లక్షలకు మించదు. షరతు ఏమంటే, భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లల్లో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అంటే తండ్రి బతికున్నంతకాలం ఈ కుర్రాడు ఇల్లు లేనివాడే. తండ్రి పోయి పేరు మారిందో లేదో, ఓనరైపోయాడు.

ఇల్లున్నవాడి కంటే లేనివాడికి ముందివ్వాలి. దాంతో మాకు పేచీ లేదు. కానీ ఉండటమంటే ఏమిటి? గ్రామకంఠంలో, రిజిస్టర్డ్ కాగితం లేని ఆ ఇంటిని తాకట్టు పెడతానంటే బ్యాంకు ముఖం తిప్పుకుంటుంది. అప్పుకు పనికిరాని ఇల్లు అనర్హతకు మాత్రం పనికొస్తుందా?

2019 బడ్జెట్‌లో ఇదే ప్రభుత్వం రెండు ఇళ్లున్నవాళ్లకు రెండో ఇంటి మీద కూడా ఊహా అద్దె పన్ను తీసేసింది. వాళ్లను ఎన్నో ఇల్లని ఎవరూ నిలదీయలేదు.

ఊళ్లోనే ఉన్న రైతుకు మరో తిరకాసు. గ్రామీణ ఆవాస్ యోజనలో కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50 వేలు, ఆపైన ఉంటే పేరు కొట్టేస్తారు. 2024లో బైకు, ఫ్రిజ్ ఉన్నా ఫర్వాలేదని సడలించారు, కార్డు జోలికి మాత్రం పోలేదు. అప్పు ఎప్పటినుంచి ఆస్తి అయ్యిందో ఢిల్లీ పెద్దలే చెప్పాలి.

ఇక అసలు భయం ఇది. 'అన్న పేరున హక్కు విడుదల పత్రం రాసెయ్, రాయితీ ఇప్పిస్తా' అని దళారులు తిరుగుతున్నారు. ఆడబిడ్డల మీద ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. పుట్టింట్లో వాటా ఉంటే మొగుడికి ఇల్లు రాదని బెదిరిస్తున్నారు. 1.80 లక్షల కోసం తాతల నాటి హక్కు వదులుకోవాలా?

పేరును కాదు, వాటాను లెక్కించండి. ఉమ్మడి వారసత్వపు ఇంట్లో నివసించని వారసుణ్ణి ఇల్లు లేనివాడిగా గుర్తించండి. క్రెడిట్ కార్డు షరతు ఎత్తేయండి. ఇవీ మా డిమాండ్లు.

ఇలా తిరస్కరించబడినవాళ్లు కారణాన్ని కాగితం మీద రాసివ్వమని బ్యాంకును అడగండి, ఆ కాగితం మండల కమిటీకి చేర్చండి. విడుదల పత్రం మీద మాత్రం సంతకం పెట్టకండి.