పంచకల్యాణి మీద పాలకు

పట్టుపంచె కట్టుకొని నాట్లు వేయడానికి మడిలో దిగవచ్చునా అని అడిగితే మన పెద్దలు నవ్వి ఊరుకుంటారు. దిగరాదని శాస్త్రమేమీ లేదు. పంచె తడుస్తుంది, బురద అంటుతుంది, ఉతికేవారికి ప్రాణం మీదికి వస్తుంది, అంతే. చూసేవారు మాత్రం పంచె సంగతి వదిలిపెట్టి, కట్టుకున్నవాడి బుద్ధిని గురించి మాట్లాడుకుంటారు. పందెపు వేగం కోసం తయారుచేసిన స్పోర్ట్స్ కారును కూరగాయలకూ, ఆఫీసుకూ, ఆసుపత్రికీ వాడుకోవచ్చునా అన్న ప్రశ్న కూడా ఇటువంటిదే. ఇది సినిమాతారలకూ, క్రికెట్ వీరులకూ సంబంధించిన గొడవ గాని మనకెందుకులే అనుకునేవాళ్ళం. ఇప్పుడది ఖిలా వరంగల్ దాకా వచ్చి, సరిగ్గా మా ఇంటి ముందే ఆగింది.

తెచ్చినవాడు మా అక్కయ్య కొడుకు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. వారానికి రెండు రోజులు అక్కడ, మిగిలిన రోజులు ఇక్కడ ఇంట్లో కూర్చునే పని. పదేళ్ళు కూడబెట్టి, మరొకరు వాడిన బండిని కొన్నాడు. ఏ కంపెనీదో చెప్పను. చెబితే వారికి కోపం రావచ్చు, లేదా గర్వం రావచ్చు. ఎర్రగా ఉంటుందనీ, నేలకు అతుక్కొని ఉంటుందనీ, ఇద్దరికే చోటనీ తెలిస్తే మీకు చాలు. ఇంట్లో ఇదివరకే ఒక మామూలు కారున్నది. రెండు బండ్లకు మా సందులో చోటు లేదు, రెండింటి బీమా, మరమ్మతులు భరించడమూ కష్టమే. అందుచేత పాతది అమ్మి, "ఇగ రోజూ దీంట్లనే తిరుగుదం మామా" అని తేల్చేశాడు. అక్కయ్యకు రెండు మోకాళ్ళూ అరిగిపోయినవి. వారానికి రెండుసార్లు హనుమకొండకు తీసుకుపోయి కాళ్ళకు కసరత్తు చేయించాలి. కాబట్టి సరదా ప్రశ్న కాస్తా సంసారపు ప్రశ్న అయి కూర్చున్నది.

ఇటువంటి బండిని అంత పొట్టిగా ఎందుకు చేస్తారంటే, బరువు నేలకు దగ్గరగా ఉంటే మలుపులో ఒరగదు. అడుగున దూరే గాలి తగ్గితే వేగంలో నేలను గట్టిగా పట్టుకుంటుంది. మైదానంలో గుణమైనది మన వీధిలో దోషమవుతుంది. స్పీడుబ్రేకరు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి నియమం ఒకటున్నది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వీపు గుండ్రంగా ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటగలగాలి. అలా కట్టినదాన్ని ఎంత పొట్టి బండి అయినా మెల్లిగా ఎక్కి దిగుతుంది. పిల్లలు ఆడుకుంటారన్న భయంతో రాత్రికి రాత్రే సిమెంటు పోసి ఎవరికి వారు కట్టుకున్న గట్లకు ఆ నియమం ఎవరు చదివి వినిపించాలి? అవి ఒంటె మూపురాలు. వాటిని మా వాడు ఏటవాలుగా, ఒక్కొక్క చక్రం చొప్పున దాటిస్తాడు. కొన్ని బండ్లకు మీట నొక్కితే మూతి పైకి లేచే ఏర్పాటున్నది. పోర్షే 911లో అది సుమారు 4 సెంటీమీటర్లు లేస్తుంది. మా వాడి బండికి ఆ సౌఖ్యం లేదు. టైర్ల గోడలు మరీ పలుచన. గుంతలో పడితే దెబ్బ నేరుగా చక్రానికే తగులుతుంది. అందుచేత మా వీధిలో అందరికంటె వేగంగా పోగల బండి అందరికంటె మెల్లిగా పోతున్నది. మొన్న వెనక నుంచి వచ్చిన ఆటో అతను హారను మోగించి మోగించి, చివరకు తల బయటపెట్టి, "పెట్రోలు అయిపోయిందా తమ్మీ, నూకమంటవా?" అని అడిగాడు. పాపం, నిజమైన సానుభూతితోనే అడిగాడు.

ఈ ఊరికి వేగమంటే పడకపోవడం నేటిది కాదు. కాకతి గణపతిదేవుడూ, రుద్రమదేవీ కట్టించిన రాతికోట ద్వారాలను చూసినవారికి తెలుస్తుంది. బయటి నుంచి వచ్చినవాడు తిన్నగా లోపలికి పోలేడు. ఒక గుమ్మం దాటి ఆవరణలోకి వచ్చి, అక్కడ పక్కకు తిరిగి, మరొక గుమ్మం దాటాలి. దౌడు తీస్తూ వచ్చిన శత్రువుల గుర్రం ఆ మలుపు దగ్గర కళ్ళెం బిగించి తీరాలి. బిగించిన క్షణంలో గోడమీది వాళ్ళు తమ పని తాము చూసుకుంటారు. ఎంత మేలుజాతి గుర్రమైనా అక్కడ గాడిదతో సమానమే. ఇన్ని వందల ఏళ్ళ తరువాత కూడా మా ఊరి రాకపోకలు ఆ ద్వారాల గుండానే. అక్కడ మా వాడి ఎర్రబండి, ఎదురుగా ఇసుక ట్రాక్టరు, నడుమ రెండు గేదెలు. ముందుగా ఎవరు దాటారో మీరే ఊహించుకోండి.

గుర్రాల ప్రసక్తి వచ్చింది గనుక ఒక ముచ్చట. 13వ శతాబ్దం చివర మన మోటుపల్లి రేవును గురించి వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, దక్షిణాన తమిళ తీరపు రాజుల గుర్రాల పిచ్చిని గురించి కూడా వ్రాశాడు. ఒక్కొక్క రాజు ఏటా రెండువేలకు పైగా గుర్రాలను సముద్రం మీద తెప్పించుకునేవాడట. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా బ్రతికేవి కావట. కారణం పోషణ తెలియకపోవడం. అన్నంతో కలిపి ఉడికించిన మాంసం పెట్టేవారట! గుర్రాలను చూసుకోగలిగిన వైద్యులను వర్తకులు ఇటు రానిచ్చేవారు కారనీ, ఇవి చస్తేనే గదా మళ్ళీ అమ్ముడుపోవడమనీ ఆయన వ్రాశాడు. తరువాతి కాలంలో గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో ఏకంగా ఒక గ్రంథమే వ్రాశాడంటే, తెలివిడి ఎంత అవసరమని తోచిందో చూడండి.

మా వాడి బండి సంగతీ అంతే. వరంగల్లులో దానిమీద చెయ్యి వేసే మేస్త్రీ దొరకలేదు. చిన్న రబ్బరు ముక్క పోతే హైదరాబాదు, అక్కడ లేకపోతే విదేశం. బండిని కొనగలిగినవాడు దాని దాణాను కూడా కొనగలడని అనుకోరాదు.

పోనీ, దాచుకుంటే మంచిదా? చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో తయారుచేయమన్నాడు. అది చేతికి రాకముందే ఆ ఏడే కన్నుమూశాడు. లోపల సింహాసనంలాంటి పీఠమున్నది. అన్ని దశాబ్దాలలో అది నాలుగువందల మైళ్ళు కూడా తిరగలేదు. మా ఊరి సిటీబస్సు కొద్ది రోజుల్లో తిరిగే దూరమది. నిలబెట్టిన యంత్రం ఊరికే ఉండదు. బ్యాటరీ దిగిపోతుంది, రబ్బరు ఎండి బీటలు వారుతుంది, ఒకే చోట బరువు మోసి టైర్లు చదునెక్కుతాయి. ఈ విషయంలో నేను మా వాడి పక్షమే. కొన్నాక వాడాలి. రోజూ నడిపేందుకు పనికివచ్చే వేగపుబండి చేయవచ్చునని నమ్మినవారు కూడా లోకంలో ఉన్నారు. 1963లో తొలిసారి చూపిన 911కు వెనక చిన్న సీట్లు కూడా పెట్టారు. 1990లో జపాను హోండావారు ఎన్‌ఎస్‌ఎక్స్ అనే కారును అల్యూమినియంతో చేసి, పందేల వీరుడు సెన్నా చేత నడిపించి సరిదిద్దుకున్నారు. మామూలు మనిషి రోజూ ఆఫీసుకు నడుపుకుపోగలిగేలా అన్నీ అమర్చారు.

అయితే వారి రోడ్లు వేరు. మన దగ్గర నిజంగా పందెపు వేగంతో పరుగెత్తించాలంటే ఏం చేయవలసి వచ్చింది? 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. రోజూ మనం తిరిగే రోడ్లే. కాని ఆ 2.8 కిలోమీటర్ల కోసం గోడలు నిలబెట్టి, బస్సులను మళ్ళించి, మనుషులను అవతల కూర్చోబెట్టారు. మిగిలిన రోజుల్లో ఆ రోడ్డు ఐస్‌క్రీం బండ్లదీ, పిల్లలదీ.

ఇక అసలు పరీక్ష. చికిత్స రోజున అక్కయ్య వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీసి లోపలికి తొంగి చూసి, "బండి ఎక్కుడంటరు గాని, ఇదేందిరా, బాయిల దిగినట్టున్నది!" అన్నది. ముందు కూర్చుని తరువాత కాళ్ళు లోపలికి లాక్కోవాలని కొడుకు నేర్పాడు. ఎలాగో దిగింది. హనుమకొండ దాకా కాళ్ళు చాపుకొని, "పండుకున్నట్టే ఉన్నది, మంచిగనే ఉన్నది" అన్నదట. ఆసుపత్రి ముందు లేవలేకపోయింది. మోకాళ్ళు వంగవు, పట్టుకోవడానికి పైన ఆధారం లేదు. కొడుకు ఒక చెయ్యి, కాపలాదారు ఒక చెయ్యి పట్టి లాగారు. జనం చేరారు. ఇద్దరు కుర్రాళ్ళు బండితో ఫోటోలు కూడా తీసుకున్నారట, ఆవిడ ఇంకా సగం లోపల ఉండగానే. ఇంటికి వచ్చాక అక్కయ్య దాన్ని గురించి ఒక్క మాట అనలేదు. కొడుకు ముచ్చటపడి కొన్నది కదా. మరుసటి వారం మాత్రం, "నాకు ఆటో మాట్లాడు, నువ్వు పని చేసుకో" అన్నది.

వాడికి అర్థమయింది. ఆ రాత్రే పాత కారు అమ్మకం ప్రకటన తీసివేశాడు. ఇప్పుడు నెలకు కొంత అద్దె ఇచ్చి పక్క వీధిలో ఒక కొట్టం మాట్లాడుకున్నాడు. ఎర్రబండి రాత్రిళ్ళు అక్కడ గడ్డివాము పక్కన పడుకుంటుంది. పాత కారు వాకిట్లో, అక్కయ్య చేతికి అందేటంత దూరంలో. పొద్దున పాలకు మాత్రం వాడు ఎర్రబండిలోనే పోతాడు. పాలకేంద్రం రెండు ఫర్లాంగులు. అంత కొద్దిదూరానికి ఇంజనులో నూనె వేడెక్కదని, మామునూరు దాకా పోయి తిరిగివస్తాడు. పాలు ఆలస్యమవుతున్నవని అక్కయ్య నాతో చెబుతున్నది గాని, వాడితో చెప్పడం లేదు.