నీళ్ళ దగ్గర మన పిల్లలు

బడి వార్షిక సంచికకు వ్యాసం రాయమంటే ఎవరైనా భాష గురించో, పండుగల గురించో రాస్తారు. నేను నీళ్ళ గురించి రాస్తున్నాను. డ్యాములు, నదులు, జలపాతాలు, మనం వనభోజనాలకు వెళ్ళే రిజర్వాయరు పార్కులు – వీటికీ తెలుగు బడికీ ఏమిటి సంబంధం అని కొందరు పెద్దలు అడగవచ్చు. ఉందని నా వాదన.

మనలో చాలామంది నీళ్ళ పక్కన పుట్టిన వాళ్ళమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా అంతటా కాలువలు వచ్చాయి. కృష్ణా డెల్టాదీ అదే కథ. తెలంగాణలో ప్రతి ఊరికీ చెరువు ఉండేది. ఆ ఊళ్ళలో పిల్లలకు నీళ్ళ గురించి ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పలేదు. కాలువ దగ్గర లస్కరు ఉండేవాడు. ఎప్పుడు నీళ్ళు వదులుతారో, లాకుల దగ్గర ఎక్కడ దిగకూడదో అతనికి తెలుసు. చెరువు దగ్గర నీరటి ఉండేవాడు, తూము ఎప్పుడు తీస్తారో అతను చెప్పేవాడు. రేవులో బట్టలుతికే వాళ్ళు, గేదెలను కడిగే వాళ్ళు కూడా “ఒరేయ్, అటు పోకు, అక్కడ సుడి ఉంది” అని కేకేసేవారు. తిట్టేవారు కూడా. ఆ తిట్లే మన ప్రాణాలు కాపాడాయి.

ఆస్ట్రేలియాలో ఒడ్డున ఆ మనుషులు లేరు. బోర్డు ఉంటుంది. లస్కరు నోటితో చెప్పిన మాటే ఇక్కడ పసుపు పలక మీద బొమ్మతో సహా రాసి ఉంటుంది. మనం ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీసుకుంటాం గానీ దాన్ని చదవం. లస్కరు కేకేస్తే ఆగే మనిషి బోర్డును చూసి ఎందుకు ఆగడు? బోర్డు తిట్టదు కాబట్టి అనుకుంటాను!

2014 జూన్ 8న జరిగినది మన పిల్లలకు ఈ పాటికి తెలియకపోవచ్చు, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. హైదరాబాదులోని వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు విహారయాత్రకు హిమాచల్ ప్రదేశ్ వెళ్ళారు. సాయంత్రం మండి జిల్లాలో తలౌట్ అనే ఊరి దగ్గర బియాస్ నది ఒడ్డున బస్సు ఆపి, కిందికి దిగి, రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. నదిలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు ఉంది. ఆ రోజు విద్యుత్ ఉత్పత్తి తగ్గించమని ఆదేశం రావడంతో, టర్బైన్లలోకి పోవలసిన నీటిని గేట్లు ఎత్తి నదిలోకి వదిలారు. కింద ఉన్నవారికి సరైన హెచ్చరిక అందలేదు. చూస్తుండగానే నీళ్ళు పెరిగి, 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. ఆ పిల్లలు రాయి మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడిన దృశ్యం టీవీలో చూసిన తల్లిదండ్రులెవరూ మరచిపోలేరు.

2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలనీ, ఆ భారాన్ని విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలనీ తీర్పు చెప్పింది. అంటే డ్యాము నడిపేవారిదే కాక, పిల్లలను వెంట తీసుకువెళ్ళిన వారిది కూడా బాధ్యతేనని. శని, ఆదివారాలు బడి నడిపి, ఏడాదికొకసారి పిక్నిక్కు తీసుకువెళ్ళే మనలాంటి సంస్థలన్నీ ఆ మాటను రెండుసార్లు చదవాలి.

ఆ సాయంత్రం బియాస్ మీద వరద లేదు, తుఫాను లేదు. ఎక్కడో ఒక ఆఫీసులో కరెంటు లెక్క మారింది, అంతే. డ్యాము కింద పారే నది చూడటానికి నదిలాగే ఉంటుంది గానీ అది ఒక యంత్రానికి చివరి భాగం. యంత్రం అన్నాక మనిషి నడుపుతాడు, ఒక్కోసారి అది చెడిపోతుంది కూడా. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా 32 గేట్లూ ఎత్తాల్సి వచ్చింది. కర్నూలు జిల్లా దాకా నది ఒడ్డు ఊళ్ళను అప్రమత్తం చేశారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి సలహాతో, పారుతున్న నీటిలోనే, వారం రోజుల్లో స్టాప్‌లాగులు దింపి నీటిని ఆపారు. (ఇంజనీరు కావాలనుకునే పిల్లలకు ఇంతకంటే మంచి కథ నాకు తెలియదు.) అంతకు ముందు, 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఆ డ్యాముకు ఒక గేటు అప్పటికే పనిచేయడం లేదు. ఇక్కడివాళ్ళు డ్యాము కట్టకు అంత దూరంలో కంచె ఎందుకు వేస్తారో, గేట్ల దగ్గర తాడుకట్టిన బోయాలు దాటి పడవను ఎందుకు పోనివ్వరో ఈ రెండు సంగతులు తెలిస్తే అర్థమవుతుంది.

ఇక మెల్‌బోర్న్ చుట్టుపక్కల మనం తరచూ వెళ్ళే సిల్వాన్, కార్డీనియా, మరూండా రిజర్వాయరు పార్కుల సంగతి. అక్కడ గడ్డిలో కూర్చోవచ్చు, బార్బెక్యూ పెట్టుకోవచ్చు, కానీ నీళ్ళలో దిగకూడదు. “ఇన్ని నీళ్ళున్నాయి, కాళ్ళు కడుక్కోనివ్వరేమిటి?” అని ఊరి నుంచి వచ్చిన మన పెద్దవాళ్ళు నొచ్చుకోవడం సహజం. మనకు నీళ్ళంటే దణ్ణం పెట్టి తలమీద చల్లుకునే అలవాటు. కార్తీక మాసంలో దీపం వదలకపోతే కొందరికి వెలితిగా ఉంటుంది. కానీ అవి నగరం తాగే నీళ్ళు. మెల్‌బోర్న్‌కు నీరిచ్చే కొండల్లో 1,50,000 హెక్టార్లకు పైగా అడవిని జనం అడుగుపెట్టకుండా మూసి ఉంచారు. అందుకే ఆ నీటిని ఎక్కువగా శుద్ధి చేయనవసరం లేకుండా కుళాయిలోకి వదలగలుగుతున్నారు. ఊరి మంచినీళ్ళ చెరువులో గేదెలను దింపనిచ్చేవారా మన తాతలు? ఇదీ అంతే. దీపం ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టుకోవచ్చు, పుణ్యం తగ్గదు.

దిగనిచ్చే చోట్లూ ఉన్నాయి. గౌల్‌బర్న్ నది మీది లేక్ ఐల్డన్ అలాంటిదే. నిండితే సుమారు 3,334 గిగాలీటర్లు, సిడ్నీ హార్బర్‌కు ఆరింతలు అంటారు. హౌస్‌బోట్లు, చేపల వేట, ఈత అన్నీ ఉంటాయి. అది కూడా సేద్యానికి నీరిచ్చే డ్యామే కాబట్టి మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో మోకాలి లోతు ఉన్న చోటు ఈస్టరుకు అలాగే ఉండదు. నీటి కింద పాత చెట్ల మోళ్ళున్నాయి. ఎండకు పైనీరు వెచ్చగా ఉన్నా, నాలుగడుగుల కింద ఒళ్ళు కొంకర్లు పోయే చలి. “నేను గోదావరిలో ఈదినవాణ్ణి” అనే అన్నయ్యలు ప్రతి పిక్నిక్‌లోనూ ఒకరుంటారు. నిజమే, ఈదారు. పాతికేళ్ళ క్రితం, వేడి నీళ్ళలో, తెలిసిన రేవులో, పక్కన నలుగురు ఉండగా. ఆ ఈత ఇక్కడ సగమే పనికొస్తుంది.

ఈ దేశంలో 2023-24లో 323 మంది, 2024-25లో 357 మంది నీట మునిగి చనిపోయారని రాయల్ లైఫ్ సేవింగ్ సంస్థ నివేదికలు చెబుతున్నాయి. అందులో దాదాపు మూడోవంతు విదేశాల్లో పుట్టినవారు. 2024 జూలైలో కెయిన్స్ దగ్గరి మిల్లా మిల్లా జలపాతంలో మునిగిపోయిన ఇద్దరూ మన తెలుగు యువకులే. చదువు కోసం వచ్చిన పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలకు ఆ ఊరి పేరు పలకడం కూడా అప్పటికి తెలిసి ఉండదు. అందగాడి నవ్వులా తెల్లగా దూకే ఆ జలపాతం ఫొటోలు మన ఇళ్ళలో కూడా ఉన్నాయి, ఎందరమో వెళ్ళి వచ్చాం. మనం తిరిగి వచ్చామంటే మనకేదో తెలుసని కాదు.

ఇప్పుడు భాష సంగతికి వస్తాను. మన పుస్తకాల్లో పిల్లలకు నది, సముద్రం, వాన నేర్పుతాం. వడి, సుడి, ఊబి, పాచి, నడుంలోతు, నిలువులోతు, రేవు, గట్టు – ఇవి నేర్పం. ఇవన్నీ నీళ్ళ పక్కన బతికిన జనం ప్రాణభయంతో పుట్టించుకున్న మాటలు. ఒక మాటకు ఒక ప్రమాదం. ఇంగ్లీషు బోర్డు మీద ఉన్నది కూడా దాదాపు ఈ జాబితానే.

కాబట్టి బడి కమిటీకి నా ప్రతిపాదన. నవంబరులో మన కార్తీక వనభోజనాలకు ఏ పార్కుకు వెళ్ళినా, పులిహోర గిన్నెల మూతలు తీసేముందు పిల్లలందరినీ నీటి ఒడ్డున ఉన్న బోర్డు దగ్గరికి తీసుకువెళ్దాం. పెద్ద తరగతి పిల్లలు దాన్ని తెలుగులోకి మార్చి, అక్కడే ఉన్న తాతయ్యలకూ అమ్మమ్మలకూ చదివి వినిపించాలి. “నీటిమట్టం ఉన్నట్టుండి పెరగవచ్చు” అని ఒక పదేళ్ళ పాప తడుముకోకుండా చెప్పగలిగితే, ఆ ఏడాది పరీక్షలో ఆ పాపకు వంద మార్కులు వేయవచ్చని నా అభిప్రాయం. తాతయ్యలు తిరిగి వడికీ సుడికీ తేడా చెబుతారు. మన బడిలో పెద్దలూ పిల్లలూ ఒకరికొకరు నిజంగా అవసరమయ్యే పాఠాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

పిల్లలూ, మీకొక మాట. ఎవరైనా నీళ్ళలో పడితే వెంటనే దూకకండి, మీకు ఈత వచ్చినా సరే. ఎస్కీ, బంతి, ఏది తేలితే అది విసరండి. అమ్మ చున్నీ, తాతయ్య కండువా, పొడవుగా ఏది ఉంటే దాని ఒక కొస అందించి, మీరు నేలమీద పడుకుని లాగండి. ఒకరు 000కు ఫోన్ చేయండి. మీ కబుర్లలో పడి మీకంటే చిన్నవాళ్ళను వదిలేయకండి.

తల్లిదండ్రులకు వేరే మాట. మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో ఈత నేర్చుకుంటున్నారు. కొలను గట్టున కుర్చీలో కూర్చుని చూస్తున్నది మనమే. పిల్లవాడు మునుగుతుంటే దూకేది మాత్రం ఈత రాని నాన్నే, అమ్మే. కౌన్సిల్ ఈత కొలనుల్లో పెద్దవాళ్ళకు తరగతులున్నాయి, చాలా చోట్ల ఆడవాళ్ళకు ప్రత్యేకమైన వేళలూ ఉన్నాయి, ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసుకున్నా ఎవరూ ఏమీ అనరు. మన బడి నుంచి ఒక పదిమంది కలిసి అడిగితే ఒక బృందంగా చేర్చుకోవచ్చు. వచ్చే టర్ము మొదటి వారంలో హాజరు పుస్తకం పక్కన ఒక కాగితం పెట్టమని కమిటీని కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోండి.