కడుపుతో ఉన్న ఇల్లాలికి షుగర్ పరీక్ష చేయించారా?

ఊరి నుంచి "నెల తప్పింది" అని కబురు రాగానే రూములో స్వీట్లు పంచుతాం. ఆ నెల నుంచి కొంచెం ఎక్కువ డబ్బు పంపి పండ్లు తినమంటాం, స్కానింగ్ తీయించుకోమంటాం. షుగర్ సంగతి మాత్రం అడగం. అది నలభై దాటినవాళ్ల జబ్బని మన లెక్క. పాతికేళ్ల పిల్లకు, అదీ కడుపుతో ఉన్నప్పుడు రావచ్చని చాలామందికి తెలియదు. కాన్పు అయ్యాక ఎక్కువమందికి తగ్గిపోతుంది కాబట్టి తెలిసినవాళ్లూ పట్టించుకోరు.

దీన్ని పట్టించుకున్న మనిషి చెన్నై డాక్టరు వి. శేషయ్య. మద్రాసు మెడికల్ కాలేజీలో 1978లో షుగర్ జబ్బుకు ప్రత్యేక విభాగం పెట్టించారు. ఆయన బృందం తమిళనాడులో 12 వేలకు పైగా గర్భిణులను పరీక్షించి, ఫలితాలు 2008లో ప్రకటించింది. పట్నంలో నూటికి దాదాపు 18 మందికి, పల్లెల్లో 10 మందికి షుగర్ తేలింది. పొలం పని చేసేవాళ్లకు షుగరేమిటి అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

ఆయన చేసిన ఇంకో పని నాకు మరీ నచ్చింది. పాత పద్ధతిలో పరీక్షకు పరగడుపున రావాలి, రెండు మూడు సార్లు రక్తం ఇవ్వాలి. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే గర్భిణి మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా ఎట్లా కూర్చుంటుంది? రేపు రమ్మంటే మళ్లీ రాదు. అందుకని ఆయన సులువు చేశారు. తిన్నా తినకపోయినా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించాలి. రెండు గంటలయ్యాక ఒక్కసారి రక్తం తీయాలి. 140 గాని, అంతకు మించి గాని ఉంటే షుగర్ ఉన్నట్టే. ఈ పద్ధతిలో కొందరు దొరక్కుండా పోతారని వాదించే డాక్టర్లూ ఉన్నారు. కానీ అసలు పరీక్షే లేనిదానికన్నా ఇది ఎంతో మేలు కదా! కేంద్ర ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పరీక్షనే పెట్టింది. శేషయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని మన దేశంలో గర్భిణుల షుగర్ అవగాహన దినంగా జరుపుతారు.

షుగర్ ఉంటే బిడ్డకేమవుతుంది? తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అప్పుడు బిడ్డ శరీరమే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసుకుంటుంది, కొవ్వు పట్టి లావవుతుంది. డెన్మార్క్ డాక్టరు పెడర్సన్ ఎప్పుడో చెప్పిన సంగతి ఇది. నాలుగున్నర కిలోల బిడ్డ అని మనం సంబరపడతాం గాని, కాన్పు కష్టమవుతుంది. పుట్టగానే బిడ్డకు చక్కెర ఒక్కసారి పడిపోవచ్చు. కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కూడా పెరుగుతుంది.

ఇక తిండి. "ఇద్దరి కోసం తినాలమ్మా" అని అత్తలు గిన్నెడన్నం పెడతారు, పైన సున్నుండలు. ప్రేమే, కాదనలేం. అందుకే ఈ మాట భార్యకు చెప్పి లాభం లేదు, ఫోను అమ్మకిమ్మని అమ్మకే చెప్పాలి. కొడుకు గల్ఫు నుంచి చెబితే ఆ ఇంట్లో విలువ వేరు. పస్తులుండమని కాదు. అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు పెంచాలి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, నడవాలి. రెండు వారాలు ఇట్లా చేసినా తిన్న రెండు గంటలకు 120 కిందికి రాకపోతే డాక్టరు మాత్రలో, ఇన్సులినో రాస్తారు. ఇన్సులిన్ అంటే భయపడి మానేయొద్దు. పైన చెప్పినట్టు అది బిడ్డకు చేరదు.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే పరీక్ష చేయించాలి. అప్పుడు బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులను ఉచితంగా చూస్తారు. దగ్గరి ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. కాన్పయిన ఆరు వారాలకు ఇంకోసారి పరీక్ష కావాలి. ఈ ఆఖరిదాన్నే అందరూ మరిచిపోతారు, అప్పటికి ఇంట్లో బారసాల హడావిడి. కానీ ఒకసారి ఈ షుగర్ వచ్చినావిడకు తర్వాత జీవితాంతం ఉండే షుగర్ వచ్చే ప్రమాదం రానివాళ్లకన్నా కనీసం 7 రెట్లు ఎక్కువని 2009లో లెక్క తేల్చారు. ఆ తేదీ మీ ఫోనులో రాసిపెట్టుకుని, ఆ రోజు మీరే గుర్తు చేయండి.