విందు ఆల్బంలో లేని ఊరు

పాత ఫోటోలమీద మోజు ఈనాడు మన చిన్న పట్టణాలలో బాగా పెరిగింది. పలాసలో, టెక్కలిలో కలిగినవారి ఇళ్ల బీరువాలలోంచి 50, 60 ఏళ్లనాటి ఆల్బములు బయటికి వస్తున్నాయి. కొబ్బరితోటలో మిత్రబృందం విందు, మేడమీద పుట్టినరోజు పార్టీ, పెళ్లివారింట కుర్చీలు వేయించుకొని దిగిన గ్రూపు ఫోటో - వీటిని సెల్‌ఫోనులలో పంచుకుంటూ, సావనీర్లలో అచ్చువేస్తూ, కింద "ఆ రోజుల్లో మన ఊరు" అని రాస్తున్నారు. ఫోటోలమీద నాకు ఏ తగాదా లేదు. ఆ నాలుగు మాటలమీదనే నా అభ్యంతరమంతా. ఆ ఫోటోలలో ఊరు ఎంత వున్నది?

ముందు కెమేరా సంగతి చూద్దాం. అగ్ఫా క్లిక్ త్రీ వంటి పెట్టె కెమేరాలో ఒక ఫిల్ము చుట్టకు 12 బొమ్మలే వచ్చేవి. మనదేశంలో ఫిల్ము తయారీకి హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను ఊటీలో 1960లో స్థాపించారు. ఉత్పత్తి మొదలయ్యేటప్పటికి 1967 వచ్చింది. అంతవరకూ ప్రధానంగా దిగుమతి సరుకే దిక్కు. ఫిల్ము కొనడానికి ఒక ఖర్చు, కడిగించడానికి ఒక ఖర్చు, అచ్చు తీయించడానికి ఒక ఖర్చు. కాబట్టి కెమేరా చేతిలో వున్నవాడు ప్రతి బొమ్మకూ లెక్క చూసుకోక తప్పదు. మొదటి బొమ్మ గృహస్థుకు, తరువాత బంధువులకు, ఆ తరువాత మిత్రులకు, మరొకటి కొత్తగా కొన్న మోటారు సైకిలుకు! వంటమనిషి దాకా వచ్చేసరికి చుట్ట అయిపోయింది. ఇందుకు ఎవరి దుర్మార్గమూ అక్కరలేదు. ఎవరు ముఖ్యులో, ఎవరు కారో ఆస్తి ముందే తేల్చిపెట్టింది. కెమేరా ఆ తీర్పును కాగితంమీద ముద్రవేసింది.

ఆ విందు ఎక్కడినుంచి వచ్చిందో కూడా విచారించాలి. విస్తట్లో ఉప్పు నౌపడ ఉప్పుమళ్లది. కొబ్బరి ఉద్దానం తోటలది. పళ్లెంలో వేయించిన జీడిపప్పు పలాసది. జీడిపిక్కను కొట్టి, సొనకు వేళ్లు కాల్చుకుంటూ, పొట్టు తీసి పప్పును ముక్కచెక్క కాకుండా వేరుచేసిన ఆడకూలీల చేతులు లేకుండా ఆ పళ్లెం నిండదు. ఫోటోలో పప్పు వున్నది, చేతులు లేవు. దీనిని "మన ఊరి జీవితం" అని నమ్మించడమంటే శ్రమను మరుగుపరచి భోగాన్ని మాత్రమే చరిత్రగా చలామణీ చేయడం.

ఇదే నేలమీద జనం ఇంకో రకంగా కూడా గుమిగూడారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులమీద పోలీసులు కాల్పులు జరిపారు. వీర గున్నమ్మ నేలకొరిగింది. 1960లలో బొడ్డపాడులో పూజారిగా వున్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో పల్లెలను కూడగట్టాడు. రాత్రిపూట జముకుల మోత చుట్టూ చేరిన జనమూ మిత్రబృందమే. అదీ ఊరి వేడుకే. 1969లో ఈ జిల్లాలోని కొన్ని ప్రాంతాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరులో పాణిగ్రాహిని పోలీసులు కాల్చిచంపారు. అటువంటి కాలంలో స్నేహితుడి భుజంమీద చెయ్యివేసి దిగిన ఫోటోకు అర్థమేమిటి? ఒక ఇంట్లో అది ఆల్బంకు అలంకారం. మరొక ఇంట్లో అదే ఫోటో నేరానికి సాక్ష్యం కాగలదు. అందరి స్నేహాలకూ కెమేరా ఒక్కటిగా లేదు.

"నలుగురు కుర్రవాళ్లు కూర్చుని నవ్వుకుంటే అందులోనూ వర్గమేనా?" అని కొందరు మిత్రులు ఎత్తిపొడుస్తారు. నవ్వు నేరమని ఎవరన్నారు? పేదవాడికీ ఫోటోమీద ముచ్చట వున్నది. రంగూనుకో కలకత్తాకో కూలికి పోయే మనిషికి తన గుర్తుగా ఇంట్లో ఒక బొమ్మ వుంటే బాగుండునని వుండదా? వాడి నవ్వుకు ఫిల్ము దొరకలేదన్నదే మన ఫిర్యాదు. ఇక మన శిబిరంలోనే అతివాదులు కొందరు, "ఆ ఆల్బములు భూస్వామ్య చెత్త, వాటి జోలి మనకెందుకు?" అంటారు. ఇదీ పొరపాటే. ఆ ఫోటోలు పనికివచ్చే సాక్ష్యాలు. అంచున సగం తెగిన మనిషి, నీళ్ల చెంబు పట్టుకొన్న చెయ్యి, కిటికీలోంచి తొంగిచూసే పిల్ల - వీరు ఎవరని అడగడం మొదలుపెడితే ఆ ఆల్బమే తన యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

అడగడానికి వ్యవధి తక్కువగా వున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను కూల్చింది, ఇళ్ల కప్పులను లేపింది. డాబా ఇంటి బీరువాలో ఆల్బం భద్రంగా వుంటుంది. పెంకుటింటి గోడకు తగిలించిన ఒకే ఒక్క ఫోటో వానకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎందరినో నడివయసులోనే తీసుకుపోతున్నది. పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023లో వచ్చింది. అంతకుముందే వెళ్లిపోయినవారి జ్ఞాపకాలు వారితోనే వెళ్లిపోయాయి. ఇక్కడ సాక్షులు ముసలివారయ్యేదాకా బ్రతుకుతారన్న భరోసా లేదు.

కాబట్టి విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయవలసిన పని వున్నది. ఫోటో దొరికితే వెనుక సంవత్సరం, ఇంటి పేరు రాసి తృప్తిపడకండి. వంట చేసినదెవరు, వడ్డించినదెవరు, ఏ వీధివారిని గుమ్మం బయటే నిలబెట్టారు, కెమేరా ఎవరిది - ఇవన్నీ రాయండి. ఆల్బములున్న పది ఇళ్లతో ఆగిపోక జీడికూలీల వాడలకూ, మత్స్యకారుల పల్లెలకూ వెళ్లండి. ఫోటో వుంటే దాని నకలు తీసుకోండి. లేకపోతే మనిషి చెప్పినది చెప్పినట్లు రాసుకోండి. ఆ రెండింటినీ ఆ విందు ఫోటో పక్కనే, అదే పుటలో, అదే సైజులో అచ్చువేయించండి. అప్పుడు కింద "మన ఊరు" అని రాసుకోవడానికి మనకు హక్కు వస్తుంది. అంతవరకూ ఆ ఫోటో ఎవరి ఇంట్లోదో ఆ ఇంటి పేరు రాస్తే చాలు.