యూపీఎస్‌కి బొట్టు చాలదు

ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో కోల్‌కతాలో విశ్వకర్మ పూజ. మన దసరా ఆయుధపూజ లాంటిదే. యంత్రాలతో పాటు ఆఫీసుల్లో కంప్యూటర్లకీ బొట్టు పడుతుంది. బొట్టు పెట్టేవాళ్ళలో ఎందరు యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడు వేశారో చూస్తారు?

అందులో ఉండేది సీసం, గంధకామ్లం. వాటికి దిష్టి తగలదు, వేడి తగులుతుంది. మామూలుగా 3 నుంచి 5 ఏళ్ళు పనిచేసే బ్యాటరీకి, 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. కోల్‌కతా మే నెల ఉక్కలో, గాలాడని టేబులు కింద అదెన్నాళ్ళు బతుకుతుంది? పైన పచ్చలైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది!

2020 మే 20న ఆంఫన్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అన్ని రోజులు ఏ యూపీఎస్సూ ఆగదు. ఫైళ్ళు సేవ్ చేసి కంప్యూటర్ని సవ్యంగా ఆపుకోడానికి పది నిమిషాలు ఇవ్వడమే దాని పని. ఆ పది నిమిషాలూ దక్కకపోతే కొట్టు లెక్కలో, విద్యార్థి థీసిస్సో పోతుంది. అప్పుడు "టైము బాగాలేదు" అంటాం. బాగాలేనిది టైము కాదండీ, బ్యాటరీ.

పూజ చేసుకునేవాళ్ళు చేసుకోండి. ఆ రోజే ఫైళ్ళు సేవ్ చేసి, గోడ స్విచ్ ఆపి, ఎన్ని నిమిషాలు నిలిచిందో యూపీఎస్ మీదే తేదీతో రాయండి. కొత్తలో నిలిచిన దాంట్లో సగానికి పడిపోతే బ్యాటరీ మార్చండి. పాతది చెత్తలో పారేయకండి, సీసం విషం. అమ్మిన కొట్టుకే తిరిగివ్వండి.

పనిముట్టుని గౌరవించడమంటే నా దృష్టిలో ఇదే.